పక్కన గొయ్యి తవ్వితే నేల కింది సొరంగానికి ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మన నగరాల్లో నేల కింద మెట్రో రైళ్లు, తాగునీళ్లు, కరెంటు కేబుళ్లు నడిచే సొరంగాలు పెరుగుతున్నాయి. అదే నేల మీద మూడు, నాలుగు సెల్లార్ల అపార్ట్‌మెంట్లు, ఆఫీసు టవర్లు లేస్తున్నాయి. హైదరాబాద్ మెట్రో మొదటి దశ అంతా పిల్లర్ల మీదే నడుస్తుంది కాబట్టి ఇక్కడ ఈ మాట పెద్దగా వినపడదు. చెన్నై, బెంగళూరు, ముంబయి, ఢిల్లీల్లో ఉంటున్న తెలుగువాళ్లు మాత్రం స్థలం కొన్నా, ఇల్లు కట్టినా, బోరు వేసినా దీని గురించి అడుగుతున్నారు. సైటు ఇంజినీర్లు, బిల్డర్లు, మామూలు ఇంటి యజమానులు ఎక్కువగా అడిగేవి ఇవి.

గొయ్యి సొరంగాన్ని తాకనే లేదు. అయినా సొరంగానికి ఇబ్బంది ఎందుకు?

సొరంగం తన బలం మీద మాత్రమే నిలబడదు. చుట్టూ ఉన్న మట్టి దాన్ని అన్ని వైపుల నుంచీ నొక్కి పట్టుకుంటుంది. మన మెట్రోల్లో ఎక్కువగా వాడే గుండ్రటి సొరంగం లోపలి వ్యాసం 5.8 మీటర్లు, కాంక్రీటు గోడ మందం 275 మిల్లీమీటర్లు. అంత పెద్ద ఉంగరానికి అది పలచని గోడే. పైగా అది ఒకే ముక్కగా పోసింది కాదు. ఫ్యాక్టరీలో చేసిన సెగ్మెంట్లను బోల్టులతో బిగించి ఒక్కో రింగు కడతారు. పై నుంచి, పక్కల నుంచి వచ్చే మట్టి ఒత్తిడి దాదాపు సమతూకంలో ఉన్నంతకాలం ఆ రింగు గుండ్రంగానే ఉంటుంది.

పక్కన గొయ్యి తవ్వగానే ఒకవైపు ఒత్తిడి తగ్గుతుంది. కిక్కిరిసిన బస్సులో అటూ ఇటూ జనం ఆనుకుని ఉన్నంతసేపు పడిపోం. ఒకవైపువాళ్లు దిగిపోతే అటు ఒరుగుతాం. రింగుకు జరిగేదీ అదే.

ఎంత బరువు పోతుందో లెక్క చూడండి. ఒక ఘనపు మీటరు మట్టి సుమారు 1.8 నుంచి 2 టన్నులు తూగుతుంది. 12 మీటర్ల లోతు సెల్లారు తవ్వితే అడుగున ఉన్న నేల మీద ప్రతి చదరపు మీటరుకు 22 నుంచి 24 టన్నుల బరువు పోయినట్టు. ఎన్నో ఏళ్లుగా ఆ బరువు మోసిన నేల కొన్ని వారాల్లోనే తేలికైపోతుంది. అది కదలకుండా ఎలా ఉంటుంది?

సొరంగం ఎటు కదులుతుంది?

గొయ్యికి అది ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి.

సరిగ్గా గొయ్యి కింద ఉంటే పైకి లేస్తుంది. పై బరువు పోయింది కాబట్టి అడుగు నేల ఉబుకుతుంది, సొరంగాన్నీ తనతో పాటు లేపుతుంది. రింగు నిలువుగా కాస్త సాగుతుంది. గొయ్యి పక్కన, దాదాపు అదే లోతులో ఉంటే గొయ్యి వైపు జరుగుతుంది. అటువైపు ఆసరా తగ్గడంతో రింగు అడ్డంగా సాగి, నిలువుగా కుదించుకుపోతుంది. గొయ్యి కన్నా తక్కువ లోతులో ఉంటే, గొయ్యి అంచున మట్టిని ఆపే గోడ (రిటైనింగ్ వాల్) వెనక మట్టి కుంగినప్పుడు దానితో పాటు కుంగుతుంది.

నిజమైన సైటులో ఇవన్నీ కలిసే ఉంటాయి. మెట్రో సొరంగం పొడవుగా పోతుంది కదా, గొయ్యి దాని పక్కన ఓ వంద మీటర్లే ఉండవచ్చు. ఆ వంద మీటర్ల భాగం కదిలి మిగతాది కదలకపోతే సొరంగం తన పొడవునా విల్లులా వంగుతుంది. రింగు రూపం మారడం కన్నా ఈ వంపును కనిపెట్టడం కష్టం. అందుకే నేను దానికే ఎక్కువ భయపడతాను.

ఎంత దూరంలో తవ్వితే ప్రభావం ఉంటుంది?

అందరికీ పనికొచ్చే ఒక్క అంకె లేదు. గొయ్యి లోతు, మట్టి రకం, గోడ గట్టిదనం కలిసి తేలుస్తాయి. స్థూలంగా, గోడ వెనక నేల కుంగడం గొయ్యి లోతుకు రెండు మూడు రెట్ల దూరం దాకా వెళ్లగలదు. 15 మీటర్ల గొయ్యి అయితే 30 నుంచి 45 మీటర్ల దాకా అన్నమాట. మెత్తటి బంకమన్నులో ఎక్కువ, గట్టి నేలలో తక్కువ.

నగరాలు పెట్టుకున్న రక్షణ హద్దులు కూడా ఈ లెక్కకు దగ్గరగానే ఉన్నాయి. హాంకాంగ్‌లో మామూలుగా 30 మీటర్లు, సింగపూర్‌లో 40, మెత్తటి నేల మీద ఉన్న షాంఘైలో 50. ఈ హద్దు లోపల తవ్వకూడదని అర్థం కాదు. అడిగి, లెక్కలు చూపించి తవ్వాలని అర్థం.

ఎంత కదలికను ఒప్పుకుంటారు?

సింగపూర్ నిబంధన ప్రకారం రైలు కట్టడం ఏ దిశలోనూ 15 మిల్లీమీటర్లకు మించి కదలకూడదు. ట్రాకులో 6 మీటర్ల పొడవుకు తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. హాంకాంగ్, షాంఘైలలో మొత్తం కదలిక హద్దు 20 మిల్లీమీటర్లు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. గట్టి నేలలో బాగా కట్టిన రిటైనింగ్ వాల్ కూడా సగటున గొయ్యి లోతులో 0.2 శాతం దాకా లోపలికి వంగుతుందని ఎన్నో సైట్ల కొలతలు చూపించాయి. 15 మీటర్ల గొయ్యికి అది 30 మిల్లీమీటర్లు. గోడను ఆనుకునే సొరంగం ఉంటే, అందరూ "బాగా చేశారు" అనే పని కూడా దానికి చాలదు. చాలామంది బిల్డర్లకు ఈ విషయం చెబితే నమ్మరు. పక్క ఇంటికి పగుళ్లు రాకుండా తవ్వగలిగాం కదా, సొరంగానికేం అవుతుంది అంటారు. సొరంగానికి పెట్టే హద్దు పక్క ఇంటికి పెట్టే హద్దు కన్నా చాలా కఠినం.

వేలి మందం కదలికకు ఇంత టెన్షన్ ఎందుకు?

సెగ్మెంట్ల మధ్య నీరు రాకుండా రబ్బరు గాస్కెట్లు ఉంటాయి. అవి నొక్కుకుని ఉంటేనే పని చేస్తాయి. కీలు కొన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటే పట్టు వదిలేస్తాయి. మొదట చెమ్మ, తర్వాత చుక్కలు. ఇసుక నేల అయితే నీటితో పాటు సన్నటి ఇసుక కూడా లోపలికి వస్తుంది. ఇసుక వచ్చిందంటే రింగు వెనక ఖాళీ ఏర్పడుతోందని అర్థం. ఖాళీ వల్ల రింగు ఇంకా కదులుతుంది, కీలు ఇంకా తెరుచుకుంటుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగదు.

ఇంకోటి, మెట్రో సొరంగాల్లో పట్టాలు ఎక్కువగా కంకర మీద కాకుండా నేరుగా కాంక్రీటు పలక మీద ఉంటాయి. సొరంగం వంగితే పట్టా కూడా వంగుతుంది. కంకర ట్రాకులా లేపి సర్దడం కుదరదు. రైలుకూ గోడకూ మధ్య ఖాళీ కూడా కొలిచి పెట్టిందే.

సెల్లారు తవ్వేటప్పుడు నీళ్లు తోడితే?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు. అందరూ అడగాల్సింది ఇదే.

నేలలో నీరు ఉన్నంతసేపు అది మట్టి రేణువుల మధ్య ఒత్తిడిలో కొంత భాగం మోస్తుంది. మోటార్లు పెట్టి రాత్రింబవళ్లు తోడితే ఆ భాగం మట్టి మీద పడుతుంది. మట్టి అణుగుతుంది. ఇసుకలో ఇది త్వరగా జరిగిపోతుంది, తక్కువగా ఉంటుంది. బంకమన్నులో నెలలు, ఏళ్లు పడుతుంది, ఎక్కువగా ఉంటుంది. నీటిమట్టం తగ్గడం గొయ్యి దగ్గర ఆగదు. గొయ్యి గోడ నీరు పారే పొరల్లోనే ఆగిపోతే, గొయ్యి ప్రభావం లేదనుకున్న దూరంలో ఉన్న సొరంగం కూడా దీని వల్ల కుంగవచ్చు.

తోడకపోతే ఇంకో ప్రమాదం. బయట నీటిమట్టం ఎత్తులో, గొయ్యి అడుగు పల్లంలో ఉంటే నీరు గోడ కింద నుంచి తోసుకుని వస్తుంది. ఇసుక ఉడుకుతున్నట్టు పైకి లేస్తుంది. గోడలో ఎక్కడైనా లోపం ఉంటే అక్కడి నుంచి మట్టి కొట్టుకొస్తుంది. జర్మనీలోని కొలోన్‌లో 2009 మార్చి 3న మెట్రో పనికి తవ్విన గోతిలోకి డయాఫ్రమ్ వాల్ (తవ్వే ముందే నేలలోకి దింపే కాంక్రీటు గోడ) లోపం గుండా ఇసుక, నీరు దూసుకొచ్చాయి. పక్కనే ఉన్న నగర చారిత్రక పత్రాల భాండాగారం కూలిపోయింది, ఇద్దరు చనిపోయారు.

మన దేశంలో కోల్‌కతా బౌబజార్ ఉదాహరణ ఉంది. 2019 ఆగస్టు 31న సొరంగం తవ్వే యంత్రం నీటి పొరను తాకి, పైన ఇళ్లు కుంగాయి, కొన్ని కూలాయి. ఆ తర్వాత 2022 మేలో, అప్పటికే తవ్విన సొరంగాలకు కలిపే షాఫ్ట్ (నిలువు బావిలాంటి గొయ్యి) అడుగున పని చేస్తుండగా మళ్లీ నీరు ఉబికి వచ్చింది. ఇళ్లకు మళ్లీ పగుళ్లు పడ్డాయి, జనం మళ్లీ ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. గంగ ఒండ్రు నేలలో పాత సొరంగం పక్కన కొత్తగా తవ్వడం ఎంత సున్నితమైన పనో ఆ వీధివాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నీటిని లెక్కలో చివర చేర్చే డ్రాయింగు ఎవరు తెచ్చినా నేను వెనక్కి పంపమనే చెబుతాను.

తవ్వకం అయిపోయి స్లాబులు వేసేశారు. ఇక భయం లేనట్టేనా?

ఇసుక, గట్టి మొరం అయితే చాలావరకు అంతే. బంకమన్నులో కాదు. బరువు తీసేసిన బంకమన్ను నెమ్మదిగా నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున షెల్ సెంటర్ భవనానికి పెద్ద బేస్‌మెంట్ తవ్వినప్పుడు కింద బేకర్లూ లైన్ సొరంగాలు ఉన్నాయి. 1959 నుంచి 1986 దాకా వాటిని కొలుస్తూనే ఉన్నారు. తవ్వకం ముగిసి, భవనం నిలబడి, దశాబ్దాలు గడిచినా సొరంగాలు కొద్దికొద్దిగా పైకి లేస్తూనే ఉన్నాయి. పని అయిపోయిందని కొలత పరికరాలు తీసేసి ఉంటే ఆ సంగతే బయటపడేది కాదు.

గొయ్యి కాకుండా పైల్స్ (నేలలోకి లోతుగా దింపే స్తంభాలు), యాంకర్లు, బోర్లు వేస్తే?

నేరుగా సొరంగాన్ని పొడిచే ప్రమాదం వీటితోనే. మూడు సంఘటనలు చెబుతాను. ఈ మూడూ తెలిస్తే మిగతా నిబంధనలన్నీ ఎందుకు పుట్టాయో అర్థమవుతుంది.

మొదటిది లండన్, 2013 మార్చి 8. ఓల్డ్ స్ట్రీట్, ఎసెక్స్ రోడ్ స్టేషన్ల మధ్య సొరంగం పైకప్పు నుంచి నీరు కారుతోందని ఒక రైలు డ్రైవరు చెప్పాడు. చూసి రమ్మని ప్రయాణికులు లేని రైలును పంపారు. ఆ డ్రైవరుకు పట్టాల మీద పైలింగ్ యంత్రం తాలూకు రెండు పెద్ద డ్రిల్ ముక్కలు కనిపించాయి. ట్రాకుకు దాదాపు 13 మీటర్ల పైన ఉన్న నిర్మాణ స్థలం నుంచి వేస్తున్న పైలు సొరంగం కప్పును చీల్చుకుని వచ్చింది. ఆ లైను 1904 నుంచీ ఉన్నదే. అయినా అక్కడ సొరంగం ఉందని భవనం డిజైన్ చేసినవాళ్లకు తెలియదు. వాళ్లు చూసిన మ్యాపుల్లో అది లేదు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాకపోవడం అదృష్టం.

రెండోది షికాగో. అక్కడ నగరం కింద సుమారు 12 మీటర్ల లోతున పాత సరుకు రవాణా సొరంగాలు ఉన్నాయి. 1991 సెప్టెంబరులో కిన్జీ వీధి వంతెన దగ్గర నది అడుగున పైల్స్ దిగగొట్టారు. పైలు సొరంగాన్ని తాకలేదు. కానీ అది తోసిన బంకమన్ను సొరంగం గోడను లోపలికి పగలగొట్టింది. పైల్స్ చోటు అసలు ప్లాను నుంచి సుమారు ఒక మీటరు జరిపారు, అంతే. 1992 జనవరిలో కేబుల్ పనికి ఆ సొరంగంలోకి వెళ్లినవాళ్లకు లోపలికి వచ్చిన బురద కనిపించింది. నగర అధికారులకు సమాచారం అందింది. బాగుచేయడానికి అయ్యే ఖర్చు మీద బేరాలు నడుస్తుండగానే ఏప్రిల్ 13న గోడ తెగి నది లోపలికి వచ్చేసింది. నగరం నడిబొడ్డున ఉన్న చాలా పెద్ద భవనాల సెల్లార్లు మునిగాయి. కరెంటు తీసేశారు, ఆఫీసులు ఖాళీ చేయించారు. మూడు నెలల ముందు చిన్న రంధ్రంగా దొరికిన లోపం అది. ఆ మూడు నెలల్ని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మూడోది మనకు బాగా దగ్గరది. ముంబయికి నీళ్లు తెచ్చే సొరంగాన్ని ఠాణెలో ఒక బోరు తవ్వకం గాయపరిచింది. మరమ్మతు కోసం 2023 మార్చి 31 నుంచి 30 రోజుల పాటు ముంబయి నీటి సరఫరాలో 15 శాతం కోత ప్రకటించారు. ఎక్కడో ఒక స్థలంలో దింపిన బోరుకు కోటి మందికి పైగా ఉన్న నగరం ఇబ్బంది పడింది. మన ఊళ్లలో బోరు లారీ రాత్రికి వచ్చి తెల్లారేసరికి వెళ్లిపోతుంది. వందల అడుగులు దింపుతారు. కింద ఏముందో అడిగేవాళ్లు ఎంతమంది?

యాంకర్లది ఇంకో చిక్కు. గోడను వెనక్కి లాగి పట్టుకోవడానికి వాటిని పక్క స్థలం కిందికి ఏటవాలుగా దింపుతారు. మీ హద్దు గోడ దగ్గరే ఆగినట్టు కనిపించే పని నేల కింద పదిహేను, ఇరవై మీటర్లు అవతలికి వెళ్లి ఉంటుంది. సొరంగం ఉన్న వైపు యాంకర్లు వద్దే వద్దు. గొయ్యి లోపల స్ట్రట్లు (గోడల మధ్య అడ్డంగా బిగించే దూలాలు) పెట్టుకోవడమే మంచిది.

హైదరాబాద్ లాంటి బండ నేలలో ఈ భయం ఉండదు కదా?

కుంగడం భయం చాలా తక్కువ, నిజమే. గట్టి గ్రానైటులో గొయ్యి తవ్వితే కదలిక మట్టిలో ఉన్నంత ఉండదు. కానీ బండను తీయాలంటే తరచుగా బ్లాస్టింగ్ చేస్తారు. ప్రకంపనలు సొరంగం కాంక్రీటు లైనింగునూ, లైనింగు లేని చోట వదులుగా ఉన్న రాతి దిమ్మెలనూ కదిలిస్తాయి. ప్రకంపన తీవ్రతను సెకనుకు ఎన్ని మిల్లీమీటర్ల వేగం అన్న లెక్కన కొలుస్తారు. సింగపూర్‌లో రైలు కట్టడాలకు 15 మిల్లీమీటర్ల హద్దు ఉంది. ఒకేసారి పేల్చే మందు తగ్గించడం, రంధ్రాలను కొన్ని మిల్లీసెకన్ల తేడాతో పేల్చడం, మరీ దగ్గరయితే మందు మానేసి రాక్ బ్రేకరుతో, వైర్ కటింగుతో తీయడం, ఇవే దారులు.

ఇంకో సంగతి. మన బండ పైనంతా గట్టిగా ఉండదు. పైన మొరం, కింద వాతావరణానికి కుళ్లిన రాయి, దాని కింద షీట్ రాక్. పొరలు సమంగా కూడా ఉండవు. ఒక మూల మూడు మీటర్లకే బండ తగిలితే ఇంకో మూల పన్నెండు మీటర్లయినా తగలకపోవచ్చు. నాలుగు బోర్లు వేసి మొత్తం బండే అని రాసేయడం తప్పు.

మన వైపు దీనికి సరైన ఉదాహరణ విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ లైను. 58 సొరంగాలున్న ఆ దారిలో కొత్తవలస–కోరాపుట్ మధ్య రెండో లైను పనులు జరుగుతున్నాయి. పాత సొరంగంలో ఇనుప ఖనిజం రైళ్లు నడుస్తుండగా కొండలో కొత్త సొరంగం తొలవడం అంటే, ప్రతి బ్లాస్టుకూ పాత సొరంగం సంగతి చూసుకుంటూ ముందుకు పోవాల్సిన పని.

తవ్విన మట్టిని సొరంగం పైన తాత్కాలికంగా పోసుకోవచ్చా?

వద్దు. తీసేయడం ఎంత ప్రమాదమో పోయడం అంతే ప్రమాదం. షాంఘైలో మెట్రో సొరంగం పైన మట్టి గుట్టలు పోసినందుకు రింగులు నొక్కుకుపోయి, కీళ్లు తెరుచుకుని నీరు కారిన సందర్భం ఉంది. ఐదు మీటర్ల గుట్ట అంటే చదరపు మీటరుకు దాదాపు తొమ్మిది, పది టన్నులు. క్రేన్లు, కాంక్రీటు లారీలు, కట్ట కట్టలుగా పేర్చిన స్టీలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

సొరంగం తేలిపోతుందని విన్నాను. అది నిజంగా సాధ్యమా?

సాధ్యమే. బయటి వ్యాసం 6.35 మీటర్లున్న సొరంగం నీటిమట్టం కింద ఉంటే, అది తొలగించిన నీటి బరువు మీటరు పొడవుకు సుమారు 31 టన్నులు. నీరు దాన్ని అంత బలంతో పైకి నెడుతుంది. కాంక్రీటు రింగు సొంత బరువు మీటరుకు 13 టన్నులే. మిగతా 18 టన్నులను పైన ఉన్న మట్టి అదిమి పడుతోంది. ఆ మట్టిని తవ్వేస్తే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది. అందుకే సొరంగం మీద తవ్వినప్పుడు కనీసం ఇంత మట్టి ఎప్పుడూ ఉంచాలని షరతు పెడతారు.

పాత సొరంగం పక్కన కొత్త సొరంగం తవ్వితే?

అదీ తవ్వకమే. యంత్రం ముందు భాగంలో, వెనక భాగంలో తవ్వాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ మట్టి పోతుంది. 6.6 మీటర్ల వ్యాసం ఉన్న యంత్రం ముఖం 34 చదరపు మీటర్లు. ఒక్క శాతం అదనంగా పోయినా మీటరుకు మూడో వంతు ఘనపు మీటరు ఖాళీ. ఆ ఖాళీని పూడ్చడానికి పైన నేల గంట ఆకారపు పల్లంలా కుంగుతుందని అమెరికా ఇంజినీరు రాల్ఫ్ పెక్ 1969లోనే చూపించాడు. ఆ పల్లంలో పాత సొరంగం ఉంటే అదీ కుంగుతుంది.

ఢిల్లీ హౌజ్ ఖాస్‌లో నడుస్తున్న యెల్లో లైను కింద నుంచి మెజెంటా లైనును తీసుకెళ్లారు. అలాంటి చోట ముఖం దగ్గర ఒత్తిడి తగ్గకుండా చూడడం, రింగు వెనక ఖాళీని వెంటనే గ్రౌటుతో (గట్టిపడే సిమెంటు ద్రవంతో) నింపడం, దారిలో యంత్రాన్ని ఆపకుండా ఒకే తీరున నడపడం, ఈ మూడింటి మీదే అంతా ఆధారపడుతుంది.

ఇంజినీర్లు సొరంగాన్ని ఎలా కాపాడతారు?

ముందు గోడ. మందపాటి డయాఫ్రమ్ వాల్ లేదా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునే పైల్స్ వరుస, నీరు పారని పొర దాకా దింపాలి. స్ట్రట్లను ముందే జాకీలతో బిగించి పెడితే గోడ వంగే ముందే ఎదురు ఒత్తిడి దొరుకుతుంది. వీలైతే పై స్లాబు ముందు వేసి కిందికి తవ్వుకుంటూ పోయే పద్ధతి మంచిది, స్లాబులే స్ట్రట్ల పని చేస్తాయి.

తర్వాత తవ్వే తీరు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం, ఇదే సైటులో అందరూ తేలిగ్గా తీసుకునేది. షాంఘైలో పెద్ద గొయ్యిని ముక్కలుగా విడగొడతారు. సొరంగానికి దూరంగా ఉన్న పెద్ద ముక్క ముందు, పక్కనే ఉన్న సన్నటి ముక్కలు చివర. ఒక ముక్క తవ్వగానే స్ట్రట్టు, అడుగుకు చేరగానే స్లాబు. తెరిచిన నేల ఎంతసేపు తెరిచి ఉంటే అంత ఎక్కువ కదులుతుంది. శనివారం అడుగుదాకా తవ్వి, కాంక్రీటు సోమవారం చూద్దామనుకునే అలవాటు సొరంగం పక్కన పనికిరాదు.

మెత్తటి నేల అయితే గొయ్యి అడుగున మట్టిలో ముందే సిమెంటు జెట్ గ్రౌటింగ్ చేసి గట్టిపరుస్తారు. జాగ్రత్త, ఎక్కువ ఒత్తిడితో చేసే ఆ గ్రౌటింగే సొరంగాన్ని తోసేయగలదు. బయట నీటిమట్టం పడిపోకుండా, నీటిని తిరిగి నేలలోకి పంపే రీఛార్జ్ బావులు పెడతారు.

సొరంగం కదులుతోందని ఎలా తెలుస్తుంది?

సొరంగం లోపల వరుసగా ప్రిజంలు (కాంతిని వెనక్కి పంపే గాజు గుర్తులు) బిగించి, ఆటోమేటిక్ టోటల్ స్టేషన్ (దూరాన్ని, కోణాన్ని కొలిచే సర్వే పరికరం) ఒకటి పెడితే అది రాత్రింబవళ్లు వాటిని కొలుస్తూ ఉంటుంది. రైళ్లు నడుస్తున్నప్పుడు మనిషి లోపలికి వెళ్లలేడు కాబట్టి ఇదే దారి. గోడ వంపుకు ఇంక్లైనోమీటర్, నీటి ఒత్తిడికి పీజోమీటర్, పగుళ్లకు క్రాక్ గేజ్. సాధారణంగా మూడు మెట్లు పెట్టుకుంటారు: ఒకటి దాటితే కొలతలు పెంచాలి, రెండోది దాటితే తవ్వే పద్ధతి మార్చాలి, మూడోది దాటితే పని ఆపాలి.

ఆపే అధికారం ఎవరికి ఉందో పని మొదలయ్యే ముందే రాసి పెట్టుకోండి. రాత్రి రెండింటికి అలారం మోగితే ఫోన్ ఎత్తే మనిషి ఎవరు? ఆ పేరు లేకపోతే ఎన్ని పరికరాలున్నా దండగే. 2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లో నికోల్ హైవే పక్కన మెట్రో గొయ్యి కూలి నలుగురు చనిపోయారు. కూలడానికి ముందే గోడ కదలికలు లెక్కకు మించి పోయాయని విచారణలో తేలింది.

మన దేశంలో చట్టం ఏమంటోంది?

1978 నాటి మెట్రో రైల్వేస్ నిర్మాణ పనుల చట్టం కింద, నోటిఫై చేసిన మెట్రో గీత పైనా, దానికి దగ్గర్లోనూ భవనం కట్టాలన్నా, తవ్వాలన్నా మెట్రో యంత్రాంగం ముందస్తు అనుమతి కావాలి. ఆచరణలో స్థానిక సంస్థ భవన ప్లాను ఇచ్చే ముందు మెట్రో ఎన్‌ఓసీ అడుగుతుంది. దాని కోసం మట్టి పరీక్ష నివేదిక, గొయ్యి, గోడ డ్రాయింగులు, సొరంగం మీద ప్రభావం లెక్కలు, కొలతల ప్రణాళిక ఇవ్వాలి. ఎన్‌ఓసీని అడ్డంకిగా చూడకండి. నీటి సొరంగాలకు, కేబుల్ సొరంగాలకు ఇంత స్పష్టమైన రక్షణ చాలా చోట్ల లేదు. ఉండాలి.

బొగ్గు గనుల పక్కన తవ్వకాలకూ ఇదే వర్తిస్తుందా?

అక్కడ ముఖ్యమైన భయం పాత గనుల్లో నిలిచిన నీరు. నీళ్లు లేవని తేలని పాత తవ్వకానికి 60 మీటర్ల లోపు వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలని బొగ్గు గనుల నిబంధనలు చెబుతాయి. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సింగరేణి కుటుంబాలకు ఆ 60 మీటర్లు ఎందుకో ఎవరూ వివరించక్కర్లేదు.

దెబ్బతిన్న సొరంగాన్ని బాగుచేయగలమా?

చాలావరకు చేయగలం. కారే కీళ్లలోకి రసాయన గ్రౌటు ఎక్కిస్తారు. రింగు బాగా నొక్కుకుపోతే లోపల స్టీలు ప్లేట్లు అతికి బలపరుస్తారు. షాంఘైలో సొరంగానికి రెండు పక్కలా మట్టిలోకి గ్రౌటు పంపి, అడ్డంగా సాగిన రింగును కొంత వెనక్కి నెట్టిన సందర్భాలున్నాయి. కానీ ఇవన్నీ రాత్రి రైళ్లు ఆగిన రెండు మూడు గంటల్లోనే చేయాలి. స్టీలు ప్లేటు పెడితే రైలుకు ఉన్న ఖాళీ తగ్గుతుంది. సాగిన రింగు మళ్లీ పూర్తిగా గుండ్రం కాదు.

నా స్థలం కింద లేదా పక్కన సొరంగం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

రిజిస్ట్రేషన్ కాగితాలు, గూగుల్ మ్యాపు సరిపోవు. ఓల్డ్ స్ట్రీట్ సంగతి గుర్తుంది కదా. మెట్రో సంస్థ, జలమండలి, విద్యుత్ ట్రాన్స్‌మిషన్ సంస్థ, దగ్గర్లో పట్టాలుంటే రైల్వే డివిజన్, వీటన్నిటికీ సర్వే నంబరు, స్కెచ్ జతచేసి ఉత్తరం రాయండి. జవాబు కాగితం మీద తీసుకోండి. ఉందని తేలితే సొరంగం మధ్యగీత, పైభాగం లోతు కొలతలతో సహా అడగండి. మీ ఇంజినీరు వాటిని సైటులో గుర్తు పెట్టాలి.

ఇంట్లో చిన్న సంపు తవ్వుకోవడానికి కూడా ఇవన్నీ అవసరమా?

సొరంగం పదిహేను మీటర్ల లోతున ఉంటే, రెండు మీటర్ల సంపు వల్ల దానికి ఏమీ కాదు. అయినా రక్షణ హద్దులో ఉంటే ఒక మాట అడిగే తవ్వండి, ఎందుకంటే స్టేషన్ దగ్గర, ర్యాంపు దగ్గర సొరంగం పైకి వచ్చేస్తుంది, అక్కడ రెండు మీటర్లు కూడా లెక్కలోకి వస్తాయి. బోరు మాత్రం ఎంత సన్నదైనా, ఎంత తొందరైనా, కింద ఏముందో రాతపూర్వకంగా తెలిసేదాకా వేయించకండి.